అడ్వైస్ ఆ, అడ్వైజ్ ఆ?

అడ్వైస్‌లో సీ ఎక్కడ, ఎస్ ఎక్కడ, ప్రాక్టీస్‌కి కూడా ఇదే రూలా అని అడిగారు కదండీ. కాలేజీల్లో స్పెల్లింగ్ బట్టీ పట్టిస్తారు గానీ దీనికి చెవి బెటర్. నేను హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్ళ కాల్స్ విని కరెక్ట్ చేసే పని చేశా, అక్కడ రోజూ ఇదే గోల.

అడ్వైస్ (సీతో, నౌన్), అడ్వైజ్ (ఎస్‌తో, వెర్బ్) లాంటి జంటల్లో నౌన్ చివర ఉత్త గాలి, వెర్బ్ చివర గొంతు మోగుతుంది. గొంతు మీద వేలు పెట్టి 'బిలీఫ్' అనండి, ఫ్ దగ్గర ఏమీ కదలదు, అదే 'బిలీవ్' అని వ్ సాగదీస్తే జుమ్మంటుంది. ప్రూఫ్-ప్రూవ్, డివైస్-డివైజ్ అంతే. యూజ్, హౌస్ అయితే స్పెల్లింగ్ మారదు, సౌండే మారుతుంది. 'వాట్స్ ద యూస్'లో స్, 'యూజ్ ఇట్'లో జ్, మనం రెండూ యూజ్ అనేస్తాం. ఇంకోటి, నౌన్‌లో 'యూ' పొట్టిగా తెగిపోతుంది, వెర్బ్‌లో సాగుతుంది, ఇంగ్లీషువాళ్ళ చెవి ఎక్కువగా పట్టుకునేది ఆ సాగుడునే. (యూస్డ్ టు మాత్రం వెర్బే అయినా స్ సౌండే, దాన్ని వదిలేయండి.)

ఎందుకిలా అంటే, మనం నమ్ముకి తోక తగిలించి నమ్మకం, వాడుకి వాడకం అంటాం కదా, పాత ఇంగ్లీషులో హౌస్, బాత్ లాంటివాటికి వెర్బ్ చేసేటప్పుడు తోక ఉండేది, అచ్చుల మధ్య పడిన స్ కాస్తా జ్ అయింది, తర్వాత తోక రాలిపోయి జ్ మిగిలింది. బాత్-బేద్‌లో అచ్చు కూడా మారిపోయింది.

ప్రాక్టీస్ దగ్గర చెవి పనిచెయ్యదు, రెండూ ఒకేలా పలుకుతాయి. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో నౌన్‌కి సీ, వెర్బ్‌కి ఎస్, డౌట్ వస్తే అడ్వైస్-అడ్వైజ్ తలుచుకుని అదే అక్షరం పెట్టేయండి. లైసెన్స్ కూడా అంతే, మన డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ మాట చివర్లో సీ ఉండేది అందుకే. అమెరికావాళ్ళు నౌన్ అయినా వెర్బ్ అయినా ప్రాక్టీస్‌కి సీ, లైసెన్స్ చివర ఎస్ పెట్టేస్తారు, క్లయింట్ అటువాళ్ళైతే మీరూ అలాగే రాయండి.

రికార్డ్, పర్మిట్ లాంటివాటిలో నొక్కి పలికే చోటు మారుతుంది, నౌన్‌కి ముందు, వెర్బ్‌కి వెనక. రిపోర్ట్, సపోర్ట్‌లకి ఇది పెట్టకండి, వాటికి ఎప్పుడూ వెనకే.

మెయిల్‌లో 'ప్లీజ్ అడ్వైజ్' ఎస్‌తోనే రాయాలి, 'అడ్వైసెస్' అనే ప్లూరల్ అసలొద్దు, 'సమ్ అడ్వైస్' చాలు.