క్లచ్ మీద కాలు ఒక్కసారిగా తీసేయొద్దు తమ్ముడూ

ప్రశ్న: నమస్తే అన్నా. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. టెక్సస్‌లో ఉద్యోగం, పండక్కి ఇంటికొచ్చాను. అక్కడ నాకు 2018 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కారు ఉంది, ఆరు గేర్ల మాన్యువల్. డ్రాగ్ స్ట్రిప్‌కి (402 మీటర్లు తిన్నగా పందెం పెట్టే ట్రాక్) మూడుసార్లు వెళ్లాను. క్లచ్ తొందరగా వదిలితే బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజిన్ పడిపోతోంది, టర్బో లేచేలోపు పక్క లేన్‌లో వాడు వెళ్లిపోతున్నాడు. మెల్లగా వదిలితే క్లచ్ కాలిన వాసన. మొదటి 60 అడుగులకి 2.4 సెకన్లు పడుతోంది. ఫ్రెండ్సేమో 6,000 ఆర్‌పీఎం దాకా లేపి క్లచ్ మీంచి కాలు తీసెయ్ అంటున్నారు, చెయ్యొచ్చా? ఇంకోటి, ఇక్కడ మా అన్నకి ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్ ఫోర్‌మోషన్ (నాలుగు చక్రాలూ లాగే కారు) ఉంది, రాత్రిపూట పూతలపట్టు–నాయుడుపేట హైవే మీద ప్రాక్టీస్ చేద్దాం రమ్మంటున్నాడు.
— పేరు వద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. కారణాలు మాత్రం వేరు.

ముందు నీ బండి సంగతి. లైన్ దగ్గర ఇంజిన్ 3,500 ఆర్‌పీఎం మీద తిరుగుతోంది, చక్రాలు సున్నా మీద ఉన్నాయి అనుకో. నీ బండి ఫస్ట్ గేర్లో 3,500 అంటే సుమారు 30 కిలోమీటర్ల వేగం. అంటే బండి ఆ వేగానికి వచ్చేదాకా ఇంజిన్‌కీ చక్రానికీ మధ్యలో ఏదో ఒకటి జారుతూ ఉండాలి. రెండు చక్రాలు లాగే బండిలో టైరు జారుతుంది, పొగ వస్తుంది, టైమ్ పోతుంది కానీ లోపల ఇనుముకి ఏమీ కాదు. నీ బండిలో నాలుగు చక్రాలూ లాగుతాయి, నాలుగు టైర్లూ రోడ్డుని పట్టుకుంటాయి, అవి అంత సులభంగా జారవు. అప్పుడిక మిగిలింది మూడే దారులు. క్లచ్ జారాలి, లేదంటే ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోవాలి, అదీ కాకపోతే గేర్ పళ్లో యాక్సిలో విరగాలి.

నువ్వు తక్కువ ఆర్‌పీఎంలో క్లచ్ టక్కున వదిలినప్పుడు జరుగుతున్నది రెండోది. ఇంజిన్ 2,000 కిందికి పడిపోతే ఎగ్జాస్ట్ తగ్గిపోతుంది, ఆ పొగతోనే తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకి ఊపిరి ఉండదు, అది మళ్లీ లేచేదాకా నువ్వు కూర్చోవాల్సిందే. మీ ఫ్రెండ్స్ చెప్పిన 6,000 మాట మూడో దారి. ఒక స్నేహితుడి బండికి అలా అయినప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఒక్క ‘టంగ్’ అని శబ్దం, అంతే, ఇంజిన్ తిరుగుతోంది కానీ బండి కదల్లేదు, నలుగురం కలిసి నెట్టుకుంటూ పక్కకి తెచ్చాం. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మన పల్లెల్లో కపిల (ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడే ఏర్పాటు) తోలిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే అడుగు, మోకు వదులుగా ఉన్నప్పుడు ఎద్దుల్ని అదిలించరు. మోకు బిగిసేదాకా మెల్లగా నడిపించి, బరువు తగిలాకే తోలతారు. నీ గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో, యాక్సిల్స్‌లో కూడా అలాంటి వదులు కొంచెం ఉంటుంది, ఆ వదులు మీద దెబ్బ పడితేనే విరుగుతుంది.

కాబట్టి ఇలా చెయ్యి. ఖాళీ చోట, రేసు లేకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా క్లచ్ ఒక్కటే వదులుతూ బండి ముందుకి కదలబోయే చోటు నీ కాలికి బాగా తెలిసేదాకా ఇరవైసార్లు చూసుకో. స్ట్రిప్ మీద మొదటి రన్ 3,000తో మొదలుపెట్టు. కాలిని ఆ చోటు దాకా వేగంగా తీసుకొచ్చి అక్కడ ఆపు, ఆపిన క్షణంలోనే యాక్సిలరేటర్ ఇంకా లోపలికి తొక్కు, బండి వేగం ఇంజిన్‌ని అందుకుంటోందని వీపుకి తెలుస్తుంది, అప్పుడు పూర్తిగా వదిలేసి ఫుల్ తొక్కు. మొత్తం సెకను, సెకనున్నర పని. నువ్వు ‘మెల్లగా’ వదిలినప్పుడు వాసన వచ్చిందంటే మూడు నాలుగు సెకన్లు జార్చి ఉంటావు, లేదా క్లచ్ జారుతుండగానే ఆర్‌పీఎం బాగా పైకి పోనిచ్చి ఉంటావు. తర్వాతి రన్ 3,500, ఆ తర్వాత 4,000. సూది 3,000 కిందికి పడకుండా బండి కదిలిందంటే నీ నంబర్ దొరికినట్టే, ఇంకా పైకి పోవాల్సిన పని లేదు. ఒక మాట, న్యూట్రల్‌లో ఎంత రేసు చేసినా టర్బో సరిగ్గా నిండదు, దానికి ఇంజిన్ మీద బరువు పడాలి. క్లచ్ జారుతున్న ఆ సెకనులోనే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పుడుతుంది, అందుకే ఆ సెకను అంత విలువైంది.

గ్రీన్ లైట్ చూసి టెన్షన్ పడుతున్నావేమో, మొదట్లో దాన్ని వదిలెయ్. నీ ఈటీ, అంటే మొత్తం దూరానికి పట్టే టైమ్, దాని గడియారం లైట్ వెలగగానే మొదలవదు, నీ ముందు చక్రం లైన్ దగ్గరి కిరణాన్ని దాటినప్పుడే మొదలవుతుంది. గ్రీన్ వచ్చాక రెండు సెకన్లు ఆగి బయల్దేరినా ఈటీ, 60 అడుగుల టైమ్ అవే వస్తాయి, పోయేది రియాక్షన్ టైమ్ (గ్రీన్ వెలిగాక కదలడానికి పట్టేది) ఒక్కటే. చక్రం లైన్ దగ్గరి కిరణాల్లోకి వస్తుంటే ముందు ప్రీ స్టేజ్ బల్బు, తర్వాత స్టేజ్ బల్బు వెలుగుతాయి, ఆ రెండోది వెలిగీ వెలగగానే ఆగిపో, ఇంకా ముందుకి జరగొద్దు. కిరణం దాటడానికి ముందు ఆ కొన్ని అంగుళాల పరుగు నీకు ఊరికే వస్తుంది.

లైన్‌కి ముందు, టైర్లు తిప్పి వేడెక్కించడానికి ఉండే నీళ్ల గుంత పక్కనుంచి వెళ్లిపో, రోడ్డు టైర్లతో అందులో దిగితే గాడుల్లో నీళ్లు లైన్ దాకా వస్తాయి. టైర్లలో గాలి రెండు మూడు పీఎస్ఐ తగ్గిస్తే చాలు. క్యూలో క్లచ్ తొక్కుకుని కూర్చోవద్దు, న్యూట్రల్‌లో పెట్టు. రన్‌కీ రన్‌కీ మధ్య కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ఇవ్వు. వాసన ఘాటుగా వస్తే ఆ రోజుకి ఇంటికెళ్లిపో. 60 అడుగుల టైమ్ రెండు సెకన్ల లోపు వస్తే ఆ బండికి అది మంచి లాంచే (బయల్దేరడమే), అక్కడ 0.1 సెకను తగ్గితే 402 మీటర్ల చివర 0.15 సెకను దాకా తగ్గుతుందని రేసర్ల లెక్క. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్ ప్రకారం 402 మీటర్లని 13.99 సెకన్లలో, అంతకన్నా వేగంగా వెళ్తే హెల్మెట్ తప్పనిసరి. లాంచ్ కుదిరితే నీ బండి ఆ అంకె దగ్గరికే వస్తుంది, కాబట్టి ఇప్పుడే కొనుక్కో.

ఇక అన్న టిగువాన్. ఆటోమేటిక్ కాబట్టి క్లచ్ పని గేర్‌బాక్సే చూసుకుంటుంది. లాంచ్ కంట్రోల్ (వేగంగా బయల్దేరడాన్ని బండే చూసుకునే ఏర్పాటు) ఉందో లేదో, ఉంటే ఎలా వాడాలో ఓనర్స్ మాన్యువల్‌లో చూసి దాని ప్రకారమే చెయ్యమను. ఇంజిన్, గేర్‌బాక్స్ బాగా వేడెక్కాక మాత్రమే, రోజుకి రెండు మూడుసార్లకి మించకుండా.

కానీ హైవే మీద కాదు. ఆ రోడ్ల మీద రాత్రిపూట ఎవరు నడుస్తారో మన ఊరివాళ్లకి నేను చెప్పాలా? పెరటాసి నెలలోనే కాదు, ఏ రాత్రి చూసినా కొండకి నడిచొచ్చే భక్తులు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు అంచున కనబడతారు. నీ హెడ్‌లైట్ వెలుగులోకి వాళ్లు వచ్చేసరికి నువ్వు వందలో ఉంటావు. చట్టం కూడా ఉంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం రోడ్డు మీద రేసింగ్‌కి మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. నాకు చట్టం కన్నా ఆ నడిచేవాళ్లే ముఖ్యం.

పుత్తూరు, తిరుత్తణి మీదుగా వెళ్తే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ టైముకి అక్కడుంటారు. బయటి బండ్లకి ఎప్పుడు అవకాశం ఇస్తారో, లైసెన్స్ ఏం కావాలో ముందు ఫోన్ చేసి కనుక్కోమను. నువ్వు తిరిగి టెక్సస్ వెళ్లాక మొదటి రాత్రి తీసుకున్న టైమ్ స్లిప్ (స్ట్రిప్‌లో ఇచ్చే టైముల చీటీ) ఫోటో నాకు పంపు, 60 అడుగుల అంకె చూస్తే నీ కాలు ఎక్కడ తప్పుతోందో నేను చెప్తాను.