రష్యా చమురుకూ మా రొయ్యల రేటుకూ లంకె ఏమిటి?

ప్రశ్న: అయ్యా, రష్యా చమురు కొన్నామని అమెరికా మన రొయ్యల మీద సుంకం వేసింది. బంకులో డీజిల్ తగ్గలేదు, గుంట దగ్గర రొయ్య రేటు మాత్రం కోసేశారు. ప్రధాని నిర్ణయానికి మేమెందుకు నష్టపోవాలి?
– ఓ రొయ్యల రైతు, ఇందుకూరుపేట

జవాబు: మీ కోపం న్యాయమైనదే. 2025 ఆగస్టులో ట్రంప్ మన సరుకు మీద 25 శాతం సుంకం వేసి, రష్యా చమురు పేరు చెప్పి ఇంకో 25 ఎక్కించారు, 27వ తేదీ నుంచి మొత్తం 50 అయింది, రొయ్యల మీద పాత యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నామని వేసేది) అదనం. మనకంటే ఎక్కువ రష్యా చమురు కొనే చైనాపై ఆ పేరుతో ఏమీ వెయ్యలేదు. ఇది పచ్చి అన్యాయం.

కానీ మన ప్రధానిని అడగాల్సిందీ ఉంది. చమురు కొనడం తప్పని నేననను. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకునే దేశం చౌకగా దొరికితే కొనాల్సిందే. మరి ఆ లాభం ఎక్కడికి పోయింది? 2025 ఏప్రిల్‌లో ముడిచమురు ధర పడితే కేంద్రం పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు 2 రూపాయలు ఎక్సైజ్ పన్ను పెంచుకుంది, బంకు రేటు కదల్లేదు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు (గుంట నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగకూడదని జనరేటర్‌లో ఆ డీజిలే పోస్తూ, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుందేమోనని టెన్షన్‌తో గట్టు మీద కూర్చునేది మీరు. లాభం రిఫైనరీలకూ ఖజానాకూ, దెబ్బ మీకూ అంటే ఎట్లా? ఆ ఎక్సైజ్ సొమ్ములోంచే రైతుకు పరిహారం ఇవ్వాలి. మీ ఎంపీని ఇదే అడగండి, కాగితం మీద రాసిచ్చి మరీ.