ముట్టుకోవద్దని అరవని మ్యూజియం ఉందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. ఇద్దరికీ బండ్ల పిచ్చి. మామయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ ఆదివారం అందరం బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంకి వెళ్దామనుకుంటున్నాం. పోయినసారి ఇంకెక్కడో పాప దేన్నో ముట్టుకుందని కాపలా మనిషి అరిస్తే అది ఇంటికొచ్చేదాకా ఏడ్చింది. ఇక్కడైనా పిల్లలు ఎక్కి ఆడుకునేవి ఉంటాయా?
- ఓ పాఠకురాలు

జవాబు: ఎక్కి ఆడుకుంటారనే ఆశ పెట్టి తీసుకెళ్లకండి, అవి చూడ్డానికి పెట్టిన బండ్లు. ఆ సంగతి పాపకి ఇంట్లోనే చెప్పేస్తే గేటు దగ్గర టెన్షన్ ఉండదు.

అయినా వెళ్లండి. బర్గర్, క్రికెట్ బ్యాట్, హీల్స్ చెప్పు, ఆఖరికి కమోడ్ ఆకారంలో కూడా కార్లున్నాయి (మీవాడు ముందు దాని దగ్గరికే పరిగెడతాడు, రాసిపెట్టుకోండి). అన్నీ హైదరాబాదీ సుధాకర్ చేసినవే, నడిచేవే. అందుకే ఊరికే ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా పిల్లల్ని వంగి చూడమనండి, బర్గర్ కింద చక్రాలెక్కడున్నాయి, చెప్పులో డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడు, స్టీరింగు ఏది అని. మా పిల్లలకి ఈ ఆట పెడితే ఒక్కో బండి దగ్గర్నుంచి లాక్కురావాల్సి వచ్చింది. 2005లో గిన్నిస్ రికార్డు కొట్టిన ఆయన మూడు చక్రాల సైకిల్ ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడంత. దాన్ని ఆయనే తొక్కి చూపించాడు.

గంటా గంటన్నరలో చూడ్డం అయిపోతుంది. పక్కనే జూపార్క్, మీరు వెళ్లేది ఆదివారం కాబట్టి సరిపోయింది, సోమవారమైతే మూసేస్తారు. అక్కడి టాయ్ ట్రైన్ ఎక్కిస్తే పాప కోరికా తీరుతుంది. మీటలు నొక్కి, పిడులు తిప్పి చూసేవి కావాలంటే మాత్రం ఇంకో రోజు బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లండి, రెండూ ఒకేరోజు పెట్టుకుంటే పెద్దాయన అలిసిపోతారు.

ఆయన సంగతే మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు ఇంట్లోనే డ్రైవరుగారిని పెట్టుకుని వేరే మ్యూజియం ఎందుకండీ! వెళ్లేటప్పుడు మెట్రోలో వెళ్లండి, కూకట్‌పల్లిలో ఎక్కితే మారే పని లేకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, అక్కణ్నుంచి ఆటో. వచ్చేటప్పుడు మాత్రం సిటీ బస్సు ఎక్కి, ముందు సీట్లో మామయ్యగారి పక్కన మీవాణ్ని కూర్చోబెట్టండి. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సర్వీసే ఇవాళ్టి ఆర్టీసీ. బస్సు నంబర్లలో జెడ్ ఎందుకుందో అడిగించండి, నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టారని చెప్తారు చూడండి. పాపకి అంత కథ ఎక్కదు గానీ, దారిపొడుగునా జెడ్‌లు లెక్కపెట్టమంటే పెడుతుంది.