డమ్మీ తెస్తూ తెస్తూ మధ్యలో ఆగిపోయే లాబ్రడార్

మీ ఏడాదిన్నర లాబ్రడార్ మూడు నాలుగుసార్లు డమ్మీ (కుక్క తెచ్చివ్వడానికి విసిరే శిక్షణ వస్తువు) తెచ్చాక మైదానం మధ్యలో నిలబడిపోతోందని, ఎంత పిలిచినా పలకడం లేదని రాశారు. మావాడు కూడా దాదాపు ఆ వయసులోనే ఇలా మొదలుపెట్టాడు. మొండికేస్తున్నాడనుకుని గొంతు పెంచాను. దాంతో ఇంకా దూరంగా నిలబడడం నేర్చుకున్నాడు.

ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. ఈ జాతిలో తుంటి, మోచేతి కీళ్ల సమస్యలు చిన్న వయసులోనే బయటపడొచ్చు. పన్ను విరిగినా, చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నా పనికి వెనకాడతాయి. గట్టిగా పరిగెత్తిన పది పదిహేను నిమిషాలకు వెనక కాళ్లు తూలుతుంటే మాత్రం ఆట అక్కడే ఆపేయండి. శ్రమతో కుప్పకూలిపోయే జన్యు సమస్య ఒకటి లాబ్రడార్లలో ఉంది, దానికి డీఎన్ఏ పరీక్ష కూడా ఉంది.

మావాడికి ఒంట్లో ఏమీ లేదని తేలింది. అప్పుడు మా ప్రాక్టీసును ఫోన్‌లో వీడియో తీయించి చూశాను. నాకు చాలా బాధేసింది. వాడు తోక ఊపుకుంటూ డమ్మీ తెస్తున్నాడు, నేను మీదకు వంగి లాగేసుకుని వెంటనే మళ్లీ విసురుతున్నాను. ఒక్కసారి రావడానికి ఏడుసార్లు పేరు పెట్టి పిలుస్తున్నాను. దగ్గరికొస్తే ఇష్టమైన వస్తువు పోతుంది, రాకపోతే నోట్లోనే ఉంటుంది. వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది.

రెండు వారాలు విసరడం పూర్తిగా మానేశాను. పది మీటర్ల తాడు కట్టి, పిలిస్తే రావడం ఒక్కటే నేర్పాను. ఒకే విజిల్, ఒకేసారి. రాకపోతే మళ్లీ ఊదకుండా వెనక్కి తిరిగి పరిగెత్తేవాణ్ని, వాడు వెంటపడేవాడు. తర్వాత డమ్మీ తెచ్చినప్పుడు చెయ్యి చాచకుండా పక్కకి తిరిగి కూర్చుని, డమ్మీ నోట్లో ఉండగానే ఛాతీ నిమిరేవాణ్ని. కాసేపయ్యాక ముక్కు దగ్గర తిండి పెడితే తనే వదిలేవాడు. అన్నిటికన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడు రోజుకు రెండే విసుర్లు. ఇంకోటి కావాలని నా మొహంలోకి చూస్తుండగానే డమ్మీ సంచిలో పెట్టేస్తాను. అంత తక్కువా అనిపిస్తుంది కానీ మర్నాడు సంచి తియ్యగానే వాడి ఉత్సాహం చూడాలి. మూడో వారానికి తేడా కనిపించింది. గాలి బాగా వీచే రోజుల్లో ఇప్పటికీ ముక్కు నేలకు ఆనించి వాసనల్లో పడిపోతాడు. అప్పుడు పిలవను, నడిచి వెళ్లి తాడు పట్టుకుంటాను.

ఒక్క విషయం చెప్పండి: మీది ఎప్పుడూ మూడో నాలుగో విసురుకే ఆగుతోందా, లేక మైదానంలో ఒకే చోట ఆగుతోందా? ఒకే చోటైతే అక్కడ ఏదో వాసన లాగుతున్నట్టే. చోటు మార్చి, ఐదడుగుల దూరం నుంచి మొదలుపెట్టి చూడండి.