అట్టబొమ్మ అచ్చులో గీతల చుట్టూ రంగు అంచులు

బరంపురం ప్రెస్సులో అచ్చయిన మీ కామిక్ అట్టపై నల్ల గీతల పక్కన ఎర్రటి, నీలి అంచులు వచ్చాయని, ఆకాశపు నీలం ఊదాగా మారిందని, తప్పు ప్రెస్సుదేనా అని అడిగారు. అంచులకు కారణం బహుశా ప్రెస్సు కాదు. ఆర్‌జీబీలో (తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపే పద్ధతి) గీసిన బొమ్మను చివర్లో ఒక్కసారిగా సీఎంవైకేలోకి (అచ్చు కోసం సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు సిరాల పద్ధతి) మార్చడమే అయి ఉంటుంది. అప్పుడు నలుపు నాలుగు సిరాల మిశ్రమమవుతుంది, ఒక్కో సిరాకు ఉండే అచ్చు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా ఆ తేడా సన్నని గీత అంచున బయటపడుతుంది.

1. గీతలను రంగుల నుంచి వేరుచేసి, పైన ప్రత్యేక లేయరుగా (విడి పొరగా) ఉంచండి.

2. సీఎంవైకేలోకి మార్చిన తర్వాతే ఆ లేయరుకు కె (నల్ల సిరా) 100 శాతం, మిగిలిన మూడు సిరాలకు సున్నా ఇచ్చి, మల్టిప్లైలో (కింది రంగును చెరపకుండా దానిపైనే గీత పడే అమరిక) పెట్టండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: రంగు గీత అంచున ఆగకుండా గీత కిందికి, కనీసం దాని మధ్య వరకు వెళ్లాలి. పర్లాకిమిడిలో నేను చేసిన ఒక అట్టపై మహేంద్రగిరి కొండగీత పొడవునా దారప్పోగంత తెల్లని సందు కనిపించి, ఎంతో బాధ కలిగింది. రంగును గీత కిందికి జరిపాక అది పోయింది. ప్రెస్సుకు పంపేముందు చానల్స్‌లో (ఒక్కో సిరాను విడిగా చూపే జాబితా) కె ఒక్కదాన్నే ఆపి చూడండి: గీతలు పూర్తిగా మాయమవ్వాలి, వాటి చోట తెల్ల సందు మిగలకూడదు.

ఆకాశపు నీలం ఊదాగా మారడం వేరే సంగతి. సయాన్ 100 శాతం ఉన్నచోట మెజెంటాను 60 శాతం దాటనీయకండి.