ఇంటికి దగ్గర డ్యూటీ వెతుక్కుంటున్న అల్లుడికి

ఇబ్రహీంపట్నం

అల్లుడూ,

నిన్న రాత్రి మా అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసింది. హౌరా చేపల లోడు మానేసి ఇక్కడే ఎక్కడైనా లారీ చూసుకుంటానంటున్నావట. పాపకి ఏడో నెల వచ్చిందనీ, మొన్న నువ్వు ఎత్తుకుంటే కొత్తవాణ్ణి చూసినట్టు గుక్కపెట్టి ఏడ్చిందనీ కూడా చెప్పింది. ఫోన్లో చెబితే నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నా. తీరిగ్గా చదువుకో, బండి నడుపుతూ మాత్రం చదవకు.

కైకలూరు చేపలేసుకుని హౌరాకి నేనూ పదకొండేళ్లు తిరిగాను. దగ్గర దగ్గర 1,200 కిలోమీటర్లు. వెనకాల ఐసు కరిగిపోతుంటుంది, జేబులో సేటు ఫోన్ మోగుతుంటుంది. ఆ పని మానాలనుకోవడంలో తప్పేం లేదు. మానేసి ఏ బండి ఎక్కుతున్నావన్నదే చూసుకోవాలి. లోకల్ అనగానే రోజూ ఇంటికొచ్చి వేడన్నం తింటామనుకుంటాం. నేనూ అలాగే అనుకుని దెబ్బ తిన్నాను.

చేపల పని వదిలేసిన ఏడాది, ఇంటికి 40 నిమిషాల దూరంలో ఉన్న ఫ్యాక్టరీకి తిరిగే బండి ఎక్కాను. ఏ ఫ్యాక్టరీ, ఎవరి బండి అనేది ఇప్పుడనవసరం. ట్రిప్పుకింత అని మాట్లాడుకున్నాం. సీరియల్, అదే లోడింగు వరస, అంటే ఏంటో మొదటి వారంలోనే తెలిసొచ్చింది. గేటు బయట బండ్లు బారులు తీరి ఉంటాయి. మన నెంబరు ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలీదు. రాత్రి రెండింటికి లైను కదిలినప్పుడు నువ్వు సీట్లో లేకపోతే వెనకవాడు దాటుకుని పోతాడు. లోకల్ బండికి క్లీనరెందుకని ఓనరు క్లీనర్ని కూడా తీసేశాడు. ఒకసారి రెండు రాత్రులు అలా లైన్లోనే ఉండిపోయాను. రెండో రోజు సాయంత్రం మీ అత్త ఆటోలో క్యారియర్ పట్టుకుని వచ్చింది, పిల్లని వెంటబెట్టుకుని. క్యాబిన్లోనే ముగ్గురం పప్పూ వంకాయకూరా తిన్నాం. తినగానే పిల్ల సీటు వెనక పరుపు మీద ముడుచుకుని పడుకుంది. దాన్ని లేపి ఆటో ఎక్కించడానికి నాకు చేతులు రాలేదు. ఆ రెండు రోజులకీ నాకొచ్చింది ఒక్క ట్రిప్పు డబ్బులు.

అందుకే ఓనరు దగ్గరికెళ్లగానే "ఎంతిస్తారండీ" అని మొదలుపెట్టకు. లోడింగుకి ఎన్ని గంటలు పడుతుంది, బండి ఆగిన రోజుకి హాల్టింగ్ డబ్బులు ఇస్తారా అని అడుగు. ట్రిప్పుకి 800 అన్నాడనుకో. రోజుకో ట్రిప్పు పడితే నీకు 800. రెండు రోజులకొకటి పడితే రోజుకి 400, నీ టీలు టిఫిన్లు అందులోంచే. నెల జీతం, రోజు బత్తా అనుకో, లైన్లో ఉన్నా నీ డబ్బు నీకొస్తుంది. బండి ఆగితే నష్టం ఓనరుది కాబట్టి ఆయనే పదిసార్లు ఫోన్లు చేసి లోపలికి పంపించుకుంటాడు. ట్రిప్పు లెక్కన తోలుతుంటే నీ బండి ఎక్కడ నిలబడిందో అడిగే నాథుడుండడు. జీతం కాస్త తక్కువైనా నేనైతే నెల జీతానికే మొగ్గుతాను.

ఓనరు ఎంత మంచివాడైనా తన బండి గురించి మంచే చెబుతాడు. అసలు సంగతి గేటు ఎదురు టీకొట్టులో తెలుస్తుంది. అక్కడ జీతం అడిగితే ఒక్కొక్కడు ఒక్కో లెక్క చెబుతాడు. "అన్నా, పోయిన నెల ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకున్నావ్?" అని అడిగి చూడు. వేళ్లు మడిచి లెక్కపెట్టి మరీ చెబుతారు. ఒకే బండి మీద మూడు నాలుగేళ్ల నుంచి ఉన్నవాడు తగిలితే వాళ్ల ఓనరు నెంబరు తీసుకో. ఏడాదిలో నలుగురు డ్రైవర్లు మారిన బండైతే టీ తాగి లేచొచ్చేయ్.

బండిని కూడా పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు పైపైన చూడకు. నెంబరు ఎం పరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ ఏ తేదీ దాకా ఉన్నాయో కనిపిస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, పాత బండ్ల ఓనర్లు ఎగ్గొట్టేది అక్కడే. ఇన్సూరెన్స్ కాగితంలో పెయిడ్ డ్రైవరుకి, అంటే జీతానికి తోలేవాడికి, కవరు ఉందో లేదో చదివించుకో. తర్వాత టైర్లు చూడు, సరుకు మీద కప్పే పట్టా విప్పించి చూడు. చిరిగిన పట్టా ఉన్న ఓనరుకి సరుకు మీద లక్ష్యం లేదని అర్థం. వానకి రెండు బస్తాల సిమెంటు గడ్డకడితే కోత పడేది నీ జీతంలోనే. నాకు పడింది, అందుకే చెబుతున్నా. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెలలో మన నందిగామ ఎండకి అలాంటి కొత్త బండి దొరికితే అదృష్టమే. అయినా ఏసీ చూసి మాత్రం ఓనరుని ఎంచుకోకు.

మీ కంచికచర్ల నుంచి ఏమేం పనులున్నాయో నాకు తెలిసినంతలో చెబుతాను. సిమెంటు కావాలంటే జగ్గయ్యపేట వైపుంది. పని ఏడాది పొడుగునా ఉంటుంది కానీ సీరియల్ బాధ పైన చెప్పిందే. థర్మల్ స్టేషన్ బూడిద తోలే బండ్లున్నాయి, దుమ్ము పని, నీ ఆయాసానికి వద్దు. పాల ట్యాంకర్లు ఎక్కువగా రాత్రి పనే. హైదరాబాద్ పార్శిల్ బండ్లూ అంతే, రాత్రంతా తోలి పొద్దున్నే ఇంటికొచ్చి పడతావు. పాప ఆడుకునే వేళకి నువ్వు గురక పెడుతుంటావు.

నా మనసులో మాట చెప్పమంటే, కొండపల్లి ఆయిల్ టెర్మినల్ నుంచి బంకులకి తిరిగే ట్యాంకరు చూడు. పొద్దున లోడు, బంకుల్లో దించడం, దగ్గర బంకులైతే రాత్రికి ఇల్లు. ఆదివారాలు సాధారణంగా లోడింగు ఉండదు. అయితే ఊరికే ఎక్కించరు. పెట్రోలు, డీజిలు తోలాలంటే ప్రమాదకర సరుకుల ట్రైనింగ్ మూడు రోజులు చేసి లైసెన్సు మీద రాయించుకోవాలి. అలా రాయించుకున్న లైసెన్సు మూడేళ్లకే రెన్యువల్‌కి వస్తుంది, మామూలు లారీ లైసెన్సులా ఐదేళ్లు ఉండదు. రెన్యువల్‌కి మళ్లీ ఒకరోజు క్లాసు. పోలీస్ వెరిఫికేషన్ కూడా అడుగుతారు. నువ్వు హౌరా నుంచి తిరిగొచ్చిన ఒక వారం దీనికి కేటాయిస్తే ట్రైనింగ్ పనైపోతుంది.

ట్యాంకరు మీద ఒక్క సంగతి జాగ్రత్త. బంకులో డిప్ రాడ్ వేసి కొలుస్తారు, రాడ్ చివర పేస్టు రాసి నీళ్లు కలిశాయేమో చూస్తారు, సీసాలో పోసి డెన్సిటీ పడతారు. మధ్యలో ఎవడో దాబా దగ్గర "ఇరవై లీటర్లే కదన్నా" అని ట్యాంకరులోంచి తీసిమ్మని బేరానికొస్తాడు. ఒక్కసారి పట్టుబడితే ఆ టెర్మినల్ గేటు మళ్లీ తొక్కనివ్వరు. ఆ బేరాలకి అలవాటుపడ్డ ఓనర్లూ ఉన్నారు, జీతం తక్కువిచ్చి "మిగతాది నువ్వు చూసుకో" అంటారు. ఆ మాట వినపడగానే చెప్పులేసుకుని వచ్చేయ్.

ఇక డబ్బు. చేరేటప్పుడే 50,000 అడ్వాన్స్ ఇస్తామంటారు. పాపకి ఏదో చేయించొచ్చని చేయి చాచబోతావు, వద్దు. అడ్వాన్స్ తీరేదాకా ఆ బండి నీ మెడకి కట్టినట్టే, హాల్టింగ్ ఇవ్వకపోయినా నోరెత్తలేవు. లైసెన్సు ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు. చూపించు, జిరాక్స్ ఇవ్వు, అంతే. ఇరవై మంది, ఆపైన పనిచేసే కంపెనీ అయితే పీఎఫ్, పది మంది ఉన్నా ఈఎస్ఐ అడగొచ్చు. ఒకటి రెండు బండ్ల ఓనరు దగ్గర అవి అడిగితే నవ్వుతాడు. అతని దగ్గర ఇంకోటి అడుగు: డ్రైవరుకి ఒంట్లో బాగోలేకపోతే బండి ఎవరు తీస్తారు? జవాబు నసిగాడంటే జ్వరంలో కూడా నువ్వే తీయాలి.

ఓవర్‌లోడ్ సంగతీ ముందే తేల్చుకో. దగ్గరి కిరాయే కదా, నాలుగు టన్నులు ఎక్కువేద్దాం అంటారు. ఫైను 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. చలానా ఓనరే కడతాడని ఇప్పుడంటాడు. కట్టే రోజున నీ జీతం వైపు చూస్తాడు. బండి బరువు తూచిన కాటా చీటీ ఫొటో తీసి ఫోన్లో దాచుకో, ట్రిప్పులు, హాల్టింగులు ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకో. మా ఓనరుతో రెండుసార్లు లెక్క తేడా వస్తే నా పుస్తకమే నన్ను కాపాడింది. పాత క్యాలెండర్ వెనక రాసుకునేవాణ్ణి, మీ అత్త దాన్ని చూసి పాలవాడి లెక్క అనుకునేది.

ఇప్పుడున్న ఓనరుతో గొడవపడి దిగకు. లెక్క తేల్చుకుని, కొత్త బండి ఖాయం అయ్యాకే చెప్పు.

వచ్చే శనివారం నువ్వు ఊళ్లోనే ఉంటావంది అక్క. పొద్దున్నే ఆరింటికల్లా కొండపల్లి గేటు దగ్గరికి వచ్చేయ్, లోడింగుకి బండ్లు వరస కట్టే టైమది. అక్కడి టీకొట్టాయన నాకు తెలుసు. లైసెన్సు, ఆధార్ జిరాక్సులు, రెండు ఫొటోలు తెచ్చుకో. వచ్చేటప్పుడు మీ అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి ఒక సీసా పట్టుకురా, మీ అత్త అడుగుతోంది.

మీ మామ