అక్షరం రాని వాళ్ల చదువు

తమ్ముడూ,

నీ కథ చదివాను. దేవరకొండ దగ్గరి ఊరు, 1940ల కాలం, ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ చేతిలో భూమి పోగొట్టుకున్న రైతు, అతని తల్లి. మాటలు సహజంగా ఉన్నాయి. బావి దగ్గరి గొడవ బాగా రాశావు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ఆ ముసలమ్మ గురించి "ఆమెకు చదువంటే ఏమిటో తెలియదు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. కథ మొత్తంలో ఎవరూ ఏదీ చదవరు, ఎవరూ ఎవరి చేతా చదివించుకోరు. ఈ ఉత్తరం దాని గురించే.

1901 జనాభా లెక్కల్లో నిజాం రాష్ట్రంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు. 2011లో కూడా మహబూబ్‌నగర్ (మన పాలమూరు) జిల్లా అక్షరాస్యత 55 శాతమే. ఇవి చూసి మన తాతముత్తాతలకు పుస్తకంతో సంబంధమే లేదనుకుంటాం. కానీ సొంతంగా ఎవరు చదవగలరన్నదే ఆ లెక్కల్లో ఉంటుంది. ఎవరు విన్నారు, ఎవరికి ఎన్ని పద్యాలు నోటికి వచ్చు అన్నది ఉండదు. ఊళ్లో చదవగలిగినవాడు ఒక్కడున్నా చాలు, రాత్రి కందిలి ముందు పెట్టుకుని భాగవతం విప్పితే అరుగు నిండిపోయేది. అక్షరం ముక్క రాని ముసలమ్మలు గజేంద్ర మోక్షం పద్యాలు పొల్లుపోకుండా చెప్పేవాళ్లు. చిరుతల రామాయణం నేర్పే గురువు చేతిలో ఒక నోట్‌బుక్కు ఉండేది. వేషం కట్టేవాళ్లలో చాలామంది దాన్ని చదవలేరు. ఆయన చదువుతుంటే విని, తిరిగి పాడి, నెలల తరబడి నేర్చుకుని రాత్రంతా ఆడేవాళ్లు. అట్లాంటి ఊళ్లో పుట్టి పెరిగిన నీ ముసలమ్మ నోట ఒక్క పద్యం కూడా లేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అట్లాగని ఆ అరుగును మరీ అందంగా రాయకు. పైన ఎవరు కూర్చున్నారు, కింద ఎవరు, దూరంగా నిలబడి విన్నది ఎవరు, అసలు అటువైపే రానివ్వనిది ఎవరిని, ఇదంతా కథలో కనపడాలి. మాల, మాదిగ వాడల పిల్లలను ఖాన్గీ (ప్రైవేటు) బడి గడప తొక్కనివ్వని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. నల్లగొండలో, పాలమూరులో బాప్టిస్టు మిషన్లు వచ్చాక ఆ వాడల్లో కొందరి చేతికి మొదట అందిన పుస్తకం బైబిల్. ఒకే ఊళ్లో రెండు వాడల చదువులు రెండు రకాలు. ఒక వాడ గురించి రాసి అదే ఊరు అనుకోవద్దు.

ఇక పట్వారీ. అతడు రైతును మోసం చేశాడని రాశావు, ఎట్లా చేశాడో రాయలేదు. నాకు అసలు కథ అక్కడే కనిపించింది. రాజభాష ఉర్దూ. రైతు నోట ఉన్నది తెలుగు. సర్కారు కచేరీ నుంచి వచ్చిన కాగితంలో పట్వారీ ఏం చదివి చెబితే అదే ఉన్నట్టు. బొటనవేలికి సిరా పూసేటప్పుడు ఆ రైతు దగ్గరున్న ఆధారమల్లా చెవులే. పట్వారీ ఎక్కడ ఆగాడు, ఎక్కడ తొందరగా దాటేశాడు, ఎక్కడ గొంతు తగ్గించాడు? అది విని అనుమానం వచ్చినా, అడగడానికి పక్కన ఇంకొక చదువరి లేడు. ఆ పది నిమిషాలు నువ్వు పూర్తిగా రాయాలి. పట్వారీని తిడుతూ రాసిన పేజీ మొత్తం తీసేసినా ఏమీ పోదు.

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. చిన్నప్పుడు మా వాడకట్టులో ఉత్తరాలు చదివిపెట్టే పని నాది. భివండి, షోలాపూర్ మగ్గాల మీదికి పోయిన పద్మశాలీలు, బొంబాయి పోయిన పాలమూరు కూలీలు కార్డు ముక్క రాయించి పంపేవాళ్లు. అక్కడ రాసిపెట్టింది ఒకరు, ఇక్కడ చదివిపెట్టేది ఇంకొకరు. ఆలుమగల మాటల మధ్య ఇద్దరు పరాయివాళ్లం. అందుకే ఆ కార్డుల్లో మనసులోని మాట ఉండేది కాదు, ఎద్దు ఎట్లున్నది, పిల్ల బడికి పోతున్నదా అన్న మాటల చాటున ఉండేది. పైసలు పంపలేకపోతున్నానన్న వాక్యం దగ్గర నా గొంతు తగ్గితే "గట్టిగ సదువు బిడ్డా" అనేవాళ్లు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదవమనేవాళ్లు. వినేవాళ్ల మొహాలు చూస్తూ చదవడం నాకు అక్కడే అలవాటైంది. ఇప్పటికీ పైకి చదివితే చెవికి అందని వాక్యాన్ని కొట్టేస్తాను. నీ కథను కూడా ఒకసారి ఎవరికైనా చదివి వినిపించు. వాళ్లు ఎక్కడ పక్కకు చూస్తారో గుర్తు పెట్టుకో.

మన దగ్గర రాసినవాళ్ల చరిత్ర కొంత ఉంది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, 1934లో 354 మంది తెలంగాణ కవులను ఒక్క సంచికలోకి తెచ్చారు. అంత పని చేసినందుకు ఆయనకు నేను రోజూ దండం పెట్టుకుంటాను. కానీ ఆ పత్రికలను చదివించుకుని విన్నవాళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టారు? వట్టికోట ఆళ్వారుస్వామిని చూడు. నకిరేకల్ దగ్గర పుట్టాడు, ఇళ్లల్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన సంగతి మనకు తెలుసు. ఆయన దగ్గర కొన్నవాళ్ల సంగతి తెలియదు. వాళ్లను రాయాల్సింది నీ తరమే.

ఇది మన ఒక్కరి సంగతి కూడా కాదు. క్యూబాలో 1865లో హవానా చుట్టల ఫ్యాక్టరీ కార్మికులు, పని చేస్తుంటే చదివి వినిపించడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు, జీతం తామే ఇచ్చుకున్నారు. మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నలుగురు కూర్చుని వింటే ఏలేవాళ్లకు ఎక్కడైనా భయమే. సభ పెట్టాలంటే అనుమతి కావాలన్న నిజాం సర్కారు ఉత్తర్వు, గస్తీ 53 గురించి నువ్వు చదివే ఉంటావు.

మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు "ఏం పుస్తకాలు చదివారు" అని అడగకు. "మాకు సదువేడిది బిడ్డా" అంటారు, ముచ్చట అక్కడితో ఆగిపోతుంది. మీ ఇంట్లో ఉత్తరం ఎవరు చదివేవాళ్లని అడుగు. నీకు వచ్చిన పద్యం ఒకటి చెప్పమను. పాత పెట్టెల్లో పెద్దబాలశిక్ష గానీ పంచాంగం గానీ ఉంటే తీసి అట్ట లోపలి పేజీలు చూడు, పిల్లలు పుట్టిన తేదీలు, అప్పుల లెక్కలు రాసి ఉంటాయి. భజన మండలి నోట్‌బుక్కులు దొరికితే ఫోటోలు తీసి పెట్టుకో, అవి చెదలు పట్టి పోతున్నాయి.

ముందు పట్వారీ కాగితం చదివే భాగం ఒక్కటే మళ్లీ రాసి పంపు. ముసలమ్మను కూడా అక్కడ కూర్చోబెట్టు. కొడుకు కంటే ఆమె ముందే పసిగడుతుందేమో రాసి చూడు. దసరా దాకా నేను నల్లగొండలోనే ఉంటాను.

నీ అన్న